ఫారిన్ ఎప్పుడు వెళ్తారు అని అడిగేవాళ్లకు: మన దేశంలోనే తిరగడం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మాది బెజవాడ, సత్యనారాయణపురం. అత్తగారిల్లు గుంటూరు బ్రాడీపేట. ఏడాదికి రెండుసార్లయినా బ్యాగులు సర్దుకుని ఎక్కడికో ఒకచోటికి బయల్దేరతాం, కాకపోతే ఎక్కడికెళ్లినా మన దేశంలోనే. అందుకని పెళ్లి భోజనాల దగ్గర, ఆఫీసు క్యాంటీన్లో, లిఫ్టులో పక్క ఫ్లాట్ వాళ్లు కలిసినా అవే ప్రశ్నలు. ప్రతిసారీ మొదటినుంచి చెప్పే ఓపిక లేక ఒకచోట రాసి పెడుతున్నాను. వరుస ఏమీ లేదు, గుర్తొచ్చినట్టు రాశాను.

అసలు మీకు ఫారిన్ అంటే పడదా?

పడకపోవడం ఏమీ లేదండీ. ఒకసారి వెళ్లాం కూడా. సింగపూర్, మలేషియా కలిపి ఆరు రోజుల ప్యాకేజీ. బాగుంది. ఫుట్‌పాత్ మీద నిజంగానే మనుషులు నడుస్తున్నారు, తాగి పారేసిన సీసా ఒక్కటి కనపడలేదు. కానీ ఆ ఆరు రోజులూ మాకు ఒకటే కంగారు. ఇంత డబ్బు పోసి వచ్చాం, మళ్లీ వస్తామో రామో, ఏదీ వదలకూడదు. పొద్దున ఆరున్నరకల్లా టిఫిన్, తర్వాత బస్సు, జెండా పట్టుకున్న గైడు వెనకాల పరుగు, "ఇక్కడ పదిహేను నిమిషాలు, ఫొటోలు తీసుకోండి" అనడం, మళ్లీ బస్సు. ఒకచోట నీళ్ల ఒడ్డున చెట్టు కింద బెంచీ ఉంది. మా ఆవిడకు తెగ నచ్చి, కాసేపు కూర్చుందాం అంది. కూర్చోవడానికి టైం లేదు. ఇంటికొచ్చాక ఫొటోలు చూస్తుంటే ఏది సింగపూర్లో తీసిందో ఏది మలేషియాలో తీసిందో అని ఇద్దరికీ వాదన.

ఇక్కడైతే ఆ బెంచీ మీద కూర్చోవచ్చు. చూడనిది మిగిలిపోతే సంక్రాంతికి మళ్లీ వద్దాంలే అనుకోవచ్చు. నాకు మన దేశంలో తిరగడం నచ్చేది ముఖ్యంగా ఇందుకే. మిగతావన్నీ దీని తర్వాతే.

అంటే ఇది దేశభక్తి కాదన్నమాట?

కాదు. 2019 ఆగస్టు 15న ఎర్రకోట ప్రసంగంలో ప్రధాని మోదీ, 2022లోగా దేశంలో కనీసం పదిహేను చోట్లు చూడండి అన్నారు. మాట బాగానే ఉంది, కానీ ఆ మధ్యలో వచ్చిన రెండేళ్లు ఎలా గడిచాయో మనకు తెలుసు, పక్క వీధికి వెళ్లడమే గగనమైంది. విదేశాలకు వెళ్లేవాళ్లను నేనేమీ అనను. గుంటూరులో ఏ వీధి చూసినా ఒక ఇంటి పిల్లలు అమెరికాలో ఉంటారు, వాళ్లను చూసి రావడానికి అమ్మానాన్నలు వెళ్తారు. దాన్ని సెలవుల్లో లెక్క వేయకూడదు.

డబ్బు నిజంగా మిగులుతుందా?

ప్రతిసారీ మిగలదు. ఈ విషయంలో అబద్ధం ఆడను. నలుగురు మనుషులు సీజన్లో అండమానుకో లేహ్‌కో విమానంలో వెళ్లొస్తే, ఆ టికెట్ల డబ్బుతో బ్యాంకాక్ వెళ్లి రావచ్చేమో అనిపిస్తుంది. డిసెంబరు చివరి వారంలో గోవా గది అద్దె చూస్తే ఫోను పక్కన పడేస్తారు.

కానీ ప్రయాణం కాకుండా అయ్యే ఖర్చులు ఉంటాయి చూడండి, అక్కడ తేడా తెలుస్తుంది. పాస్‌పోర్టు లేనివాళ్లకు 36 పేజీల మామూలు పుస్తకానికే 1,500. యూరప్ షెంజెన్ వీసాకు పెద్దవాళ్లకు తల ఒక్కింటికి 90 యూరోలు, వీసా రాకపోయినా ఆ ఫీజు వెనక్కి రాదు. విదేశీ టూర్ ప్యాకేజీ కొంటే టీసీఎస్ అని ఆదాయపు పన్ను కింద కొంత ముందే కట్టించుకుంటారు. రిటర్నులో చూపించి తెచ్చుకోవచ్చు, నిజమే, అప్పటిదాకా మాత్రం మన డబ్బు మన దగ్గర ఉండదు. దాని పైన ఇన్సూరెన్సు, కరెన్సీ మార్పిడిలో పోయేది.

ఇక్కడ పురావస్తు శాఖ వాళ్ల ప్రపంచ వారసత్వ కట్టడాలకు మనకు టికెట్ 40 రూపాయలు, విదేశీయులకు 600. మిగతా టికెట్ కట్టడాలకు మనకు 25. పదిహేనేళ్లలోపు పిల్లలకు అసలు టికెట్టే లేదు. తాజ్‌మహల్ ఒక్కటే కాస్త ఎక్కువ, సమాధి మందిరం లోపలికి వెళ్లాలంటే ఇంకో 200. రోజుకు 7,500 వరకు అద్దె ఉన్న హోటల్ గదికి జీఎస్టీ కూడా 2025 సెప్టెంబరు నుంచి 5 శాతమే. మన దగ్గర డబ్బు కరిగిపోయేది స్టేషన్ దిగాక, ఆ ఊళ్లో తిరగడానికి మాట్లాడుకునే కారుకు. అక్కడ బేరం తప్పదు.

ఇంకో సంగతి. రెండు రోజులకు అరకు వెళ్లిరావచ్చు, రెండు రోజులకు లండన్ వెళ్లిరాలేం. ఖర్చు తగ్గేది అసలు ఇక్కడే.

మా కంపెనీ ఎల్‌టీఏ (సెలవు ప్రయాణాలకిచ్చే భత్యం) ఇస్తుంది. దానికి ఫారిన్ టికెట్లు పెట్టొచ్చా?

పెట్టకూడదు. ఎల్‌టీఏకి పన్ను మినహాయింపు దేశంలో చేసిన ప్రయాణానికే, అదీ ప్రయాణ ఛార్జీలకే. హోటలు, భోజనం, ఊళ్లో తిరిగిన ఆటో, ఇవేవీ అందులోకి రావు. నాలుగేళ్ల బ్లాకులో రెండు ప్రయాణాలకు ఇస్తారు, ఇప్పుడు నడుస్తున్న బ్లాకు 2026 నుంచి 2029. పోయిన బ్లాకులో ఒకటి వాడుకోకపోతే దాన్ని ఈ బ్లాకు మొదటి ఏడాదిలో వాడుకోవచ్చు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే ఇదంతా, కొత్త విధానంలోకి మారినవాళ్లు ఈ ప్రశ్న వదిలేసి కిందికి వెళ్లండి.

ఎక్కడ మొదలుపెట్టమంటారు?

ఇంటి దగ్గర. నవ్వకండి.

మా చిన్నాన్న కొడుకు పని మీద లండన్ వెళ్లాడు. ఆదివారం ఖాళీ దొరికి బ్రిటిష్ మ్యూజియంకి వెళ్లి అక్కడినుంచి ఫొటో పంపాడు. "అన్నయ్యా, అమరావతి అని రాసుంది, ఇవి మన ఊరివే కదా" అని. మనవే. అమరావతి స్తూపం శిల్పాలు కొన్ని లండన్లో ఉన్నాయి, అవి ఎక్కువగా 1845లో వాల్టర్ ఇలియట్ అనే బ్రిటిష్ అధికారి తవ్వించినవి, మిగతావాటిలో చాలా భాగం చెన్నై మ్యూజియంలో ఉంది. మావాడు పుట్టి పెరిగింది గుంటూరులో. గంట ప్రయాణంలో ఉన్న అమరావతి స్తూపం దగ్గరికి ఒక్కసారి కూడా వెళ్లలేదు! అమరలింగేశ్వరుడి గుడికి చిన్నప్పుడు వెళ్లాడట, అక్కణ్నుంచి అటే తిరిగొచ్చారట. ఇండియా వచ్చాక నేనే స్కూటర్ మీద తీసుకెళ్లాను. అక్కడ మిగిలింది తక్కువే, మట్టిదిబ్బ, చుట్టూ రాతి పలకలు, గడ్డి. లండన్లో చూసిన ముక్కలు ఇక్కడ ఎక్కడ నిలబడి ఉండేవో అనుకుంటూ వాడు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

కాబట్టి మొదటి ఏడాది దగ్గరవే చూడండి. ఉండవల్లి గుహలు బెజవాడ నుంచి బ్యారేజీ దాటితే వచ్చేస్తాయి. నాలుగో అయిదో శతాబ్దంలో ఒకే కొండను నాలుగు అంతస్తులుగా తొలిచారు. పైన ఒక అంతస్తులో చీకట్లో ఏకశిల అనంతశయనుడు పడుకుని ఉంటాడు, ఎండలోంచి లోపలికి వెళ్తే మొదట ఏమీ కనపడదు, కళ్లు అలవాటుపడేకొద్దీ ముందు పాదాలు, తర్వాత పొడుగ్గా ఆ దేహం మెల్లగా తేలుతుంది. అప్పటిదాకా ఆగకుండా సెల్‌ఫోన్ లైటు వేసేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. గుంటూరు పక్కన ఉప్పలపాడు చెరువు. గూడబాతులు, రంగుల కొంగలు చెట్ల మీద కొమ్మ కనపడకుండా కూర్చుంటాయి, ఒక పొద్దున్నకి చాలు. కొండపల్లిలో తెల్లపొణికి కర్రను చెక్కి, చింతగింజల గుజ్జులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో ముక్కలు అతికించి బొమ్మ చేస్తుంటే పిల్లలు ఫోను పక్కన పెట్టి చూస్తారు. సూర్యలంక బీచ్‌కి మాత్రం ఆదివారం వెళ్లకండి, గుంటూరు, బాపట్ల మొత్తం అక్కడే ఉంటుంది.

అంత దూరం వెళ్లాక మూసి ఉంటే?

ఉంటుంది, మాకు ఉంది. పిల్లల్ని తీసుకుని మాచర్ల మీదుగా నాగార్జునకొండకు వెళ్లాం. సాగర్ డ్యామ్ కడితే మునిగిపోయే లోయలో తవ్వి తీసిన బౌద్ధ కట్టడాలను కొండ మీదికి తెచ్చి నిలబెట్టిన చోటు అది, చుట్టూ నీళ్లొచ్చి ఇప్పుడు దీవి అయింది, లాంచీ మీద వెళ్లాలి. రేవు దగ్గర జామకాయలమ్మే పెద్దావిడ మమ్మల్ని చూసి, "ఇవాళ శుక్కురారం గదా నాయనా, మ్యూజియం సెలవు" అంది. పురావస్తు శాఖ మ్యూజియాలకు శుక్రవారం సెలవని నాకు తెలుసు. తెలిసీ రోజు చూసుకోలేదు, తప్పు నాదే. ఉప్పూ కారం అద్దిన జామకాయలు తిని, దగ్గరే కదా అని ఎత్తిపోతల జలపాతం చూసి, తెచ్చుకున్న పులిహోర అక్కడే చెట్టు కింద కానిచ్చి వచ్చేశాం. రెండు నెలల తర్వాత మళ్లీ వెళ్లాం, శనివారం. విదేశంలో అలా మూసి ఉంటే ఏం చేసేవాళ్లమో ఆలోచించండి. ఆ తిట్లు నాకు ఇంకా వినపడుతుండేవి.

తాజ్‌మహల్‌కి కూడా శుక్రవారమే సెలవు. రాసి పెట్టుకోండి.

భాష రాదు కదా, ఇబ్బంది పడమా?

పడతాం. తమిళనాడు పల్లెల్లో హిందీ పనిచేయదు, ఉత్తరాదిలో మన హిందీ విని వాళ్లు నవ్వుతారు. ఏం ఫర్వాలేదు. మనవాళ్లు లేని ఊరు తక్కువ. సూరత్‌లో, షోలాపూర్‌లో నేతపనికి వెళ్లి స్థిరపడ్డ తెలుగువాళ్లు వీధులకు వీధులున్నారు. ఖరగ్‌పూర్‌లో రైల్వే కుటుంబాలున్నాయి. కాశీ సంగతి చెప్పనే అక్కర్లేదు. మా అత్తయ్య పడవ ఎక్కుతూ తడబడితే, నేను చెయ్యి అందించేలోపు ఆ పడవబ్బాయి "అమ్మా, మెల్లగా, ఇటు కూర్చో" అన్నాడు. వాడిది కాశీయే, తెలుగు యాత్రికుల దగ్గర నేర్చుకున్నాడు. దానికే అత్తయ్య ఇంటికొచ్చి నెల్లాళ్లు చెప్పుకుంది, విశ్వనాథుడి దర్శనం కన్నా ఎక్కువగా.

తిండి?

కందిపొడి, గోంగూర పచ్చడి ఒక డబ్బా, అంతే. మిగతాది అక్కడివాళ్లు తినేదే తినండి. కొండల్లోకి వెళ్లి "మీల్స్ దొరుకుతుందా" అని రెండు గంటలు వెతికేవాళ్లతో ప్రయాణం చేయడం నావల్ల కాదు.

పిల్లలకు ఎండాకాలం సెలవులే కదా, ఆ ఎండల్లో ఎక్కడికి?

ఇది నిజంగా ఇబ్బందే, దీనికి నా దగ్గర గొప్ప జవాబు లేదు. మే నెలలో మనం వెళ్లాలనుకునే చల్లటి ఊళ్లన్నిటికీ దేశంలో మిగతా అందరూ వెళ్లాలనుకుంటారు. ఒక మే నెలలో ఒక కొండ ఊరి దారిలో నాలుగు గంటలు కార్లోనే కూర్చున్నాం. బుక్ చేసుకున్న హోటల్ ఫొటోలో లోయ కనిపించింది, గది కిటికీ తీస్తే పక్క హోటల్ నీళ్ల ట్యాంకు. అడిగితే "లోయ టెర్రస్ మీదినుంచి కనిపిస్తుంది సార్" అన్నారు. అప్పట్నుంచి గది బుక్ చేసేముందు ఫోన్ చేసి, మా గది కిటికీలోంచి ఏం కనపడుతుంది అని సూటిగా అడుగుతున్నాను.

మేం ఇప్పుడు వేసవి వదిలేసి దసరా, సంక్రాంతి సెలవులు వాడుకుంటున్నాం. సంక్రాంతికి ఊరెళ్లకపోతే చుట్టాలు ఏమంటారు అంటే, ఏదో అంటారు. డిసెంబరు, జనవరిలో అరకు, లంబసింగి, గండికోట, బెలూం గుహలు, హంపి, అన్నీ బాగుంటాయి. రోహిణి కార్తెలో గండికోట బండల మీద నిలబడటం శిక్ష. పాపికొండల బోటు మాత్రం గోదావరి వరద తగ్గాకే. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగి ఏం జరిగిందో మర్చిపోకుండా లైఫ్ జాకెట్ వేసుకుని కూర్చోండి, ఫొటో కోసమని తీసేయకండి.

రైలు టికెట్లు దొరకవు కదండీ?

రిజర్వేషన్ ఇప్పుడు అరవై రోజుల ముందు మొదలవుతుంది. 2024 నవంబరుకు ముందు నూట ఇరవై రోజులుండేది, అది తగ్గించాక నాకు హాయిగా ఉంది, నాలుగు నెలల ముందే సెలవు ఎప్పుడో ఎవడికి తెలుస్తుంది? ఆ రోజు పొద్దున ఎనిమిదికి కూర్చోవాలి. తప్పిపోతే తత్కాల్, బండి బయల్దేరే ముందురోజు ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి. బెజవాడ జంక్షన్‌లో ఉండటం మన అదృష్టం, దేశం నాలుగు వైపులకూ ఇక్కణ్నుంచే బండి ఉంది.

అరకు వెళ్లేవాళ్లు ఒకటి గమనించండి. రత్నాచల్‌లో వెళ్లి విశాఖలో దిగేసరికి, అరకు మీదుగా కిరండూల్ వెళ్లే పొద్దుటి ప్యాసింజరు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది. ఆ రాత్రికి విశాఖలో ఉండాల్సిందే. ఉండండి, ఆ బండిని మాత్రం వదలకండి. కొత్తవలస–కిరండూల్ లైనులో మొత్తం 58 సొరంగాలు. మా చిన్నది ఒక్కో సొరంగానికి ఎడమ చేతి మీద పెన్నుతో ఒక్కో గీత గీస్తూ కూర్చుంది, సొరంగం రాగానే బోగీలో పిల్లలంతా ఒకటే కేక. మధ్యలో ఎవరో వేడి వేరుశనక్కాయలు తెచ్చారు, తింటూ తింటూ లెక్క తప్పింది. "నాన్నా, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టాలి" అని ఏడుపు. మళ్లీ వద్దాంలే అన్నాను. వెళ్లాం కూడా.

పెద్దవాళ్లను తీసుకెళ్లగలమా?

కాశీ, పూరీ, రామేశ్వరం లాంటివి హాయిగా. రైల్లో సీనియర్ సిటిజన్ రాయితీ 2020 మార్చి నుంచి లేదు, కాని టికెట్‌లో వయసు సరిగ్గా వేస్తే ఖాళీ ఉన్నంతవరకు కింది బెర్తు ఇస్తారు. లేహ్ లాంటి చోట్లు వద్దు, లేదంటే డాక్టర్ని అడిగి వెళ్లండి. సముద్ర మట్టానికి 3,500 మీటర్ల ఎత్తు, కుర్రాళ్లు కూడా మొదటి ఒకటి రెండు రోజులు ఏ తిరుగుడూ పెట్టుకోకుండా పడుకోవాలి. మెట్లుంటాయని ముందే చెప్పండి, అక్కడికి వెళ్లాక "మెట్లున్నాయని చెప్పలేదేం" అని కింద కూర్చుండిపోతే ఇద్దరికీ బాధ.

మన దేశంలో తిరగడానికి కూడా పర్మిట్లు కావాలా?

కొన్నిచోట్లకి కావాలి. అరుణాచల్ ప్రదేశ్, నాగాలాండ్, మిజోరం, మణిపూర్‌లకు ఇన్నర్ లైన్ పర్మిట్, లక్షద్వీప్‌కు వేరే అనుమతి. పాస్‌పోర్టు లేకుండా సరిహద్దు దాటిన సరదా కావాలంటే నేపాల్, భూటాన్ ఉన్నాయి, ఓటరు కార్డు చాలు.

టాయిలెట్ల సంగతి చెప్పరేం?

అడగరేమో అనుకున్నాను. పెట్రోల్ బంకులు, కాస్త పెద్ద హోటళ్లు, మంచి స్టేషన్లు. మిగతాచోట్ల పరిస్థితి మీకు తెలిసిందే, ఆడవాళ్లకు నరకం. ఈ ఒక్క విషయంలో సింగపూర్‌కే నా ఓటు.

స్టేటస్‌లో ఫొటో పెడితే "ఓ, ఇక్కడేనా" అంటారు. ఏం చెప్పాలి?

ఏమీ చెప్పకండి. రెండు నెలలు ఆగితే వాళ్లే ఫోన్ చేసి "బాబాయ్, ఆ రూమ్ వాళ్ల ఫోన్ నంబరు ఇస్తావా" అంటారు.

ఈసారి ఎక్కడికి?

రోజూ ప్రకాశం బ్యారేజీ మీదుగా ఆఫీసుకు వెళ్తాను. నలభై ఏళ్లుగా ఆ నీళ్లు చూస్తున్నా, అవి ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తాయో చూడలేదు. పోయినేడు హంసలదీవి వెళ్లి కృష్ణ సముద్రంలో కలిసేది చూసొచ్చాం. ఇప్పుడు రెండో కొస చూడాలి, మహాబలేశ్వర్. దాదాపు 1,400 కిలోమీటర్ల నది అక్కడ పాత మహాబలేశ్వర్ పంచగంగ గుడిలో రాతి గోముఖంలోంచి సన్నటి ధారగా పడుతుంది. కృష్ణతో పాటు కొయనా, వెన్నా, సావిత్రి, గాయత్రి, అయిదు నదులకూ అదే పుట్టిల్లని నమ్మకం. కోణార్క్ ఎక్స్‌ప్రెస్‌లో పూణె దాకా వెళ్లి అక్కణ్నుంచి బస్సు. అత్తయ్య కూడా వస్తానంది, పుష్కరాల్లో కొన్న రాగి చెంబు బీరువాలోంచి తీసి చింతపండుతో తోమి పెట్టింది. నాలుగు టికెట్లలో రెండు కన్ఫర్మ్, రెండు ఆర్‌ఏసీలో ఉన్నాయి.